రెండుసార్లు సానబట్టిన క్యామ్

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యా,

ఫోన్ చేసి చేసి విసుగొచ్చి ఉత్తరం రాస్తున్నాను. మొన్న నేను క్యామ్ గురించి అడిగితే వదిన రిసీవరు పక్కన పెట్టి నీ చెవిలో అరిచింది. నువ్వేదో గొణిగావు. అది మళ్లీ ఆవిడ నాకు అరిచింది. చివరికి నాకర్థమైంది ఏమిటయ్యా అంటే, నువ్వు భోంచేశావని. ఆ గ్రైండింగ్ మిషన్ పక్కన ఇన్నేళ్లు నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నావు. దూది పెట్టుకోవయ్యా మహానుభావా అని చెప్పినప్పుడు నీకు బాగానే వినపడేది, అయినా పెట్టుకోలేదు.

సరే, విను. కాదు, చదువు. బస్సు పార్సిల్లో చెక్కపెట్టె వస్తుంది. అందులో నా పాత కారు ఇంజన్లోంచి తీసిన క్యామ్ షాఫ్ట్ ఉంది. జాగ్రత్తగా దించు, దానికి జోడీ ఎక్కడా లేదు. ఆ కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. పాత సామాన్ల కొట్లన్నీ గాలించాను, తుప్పు తప్ప ఏమీ దొరకలేదు. దాన్ని నువ్వు సానబట్టి, ఇంజన్ ఇంకా గట్టిగా లాగేలా చేసివ్వాలి.

వేసవి చివర కొండ మీదికి కార్ల పందెం ఉందని చెప్పాను కదా. ఈసారి ఒక రేసింగ్ టీమ్ మేనేజరు చూడ్డానికి వస్తున్నాడు. పాత కార్లు నడిపేవాళ్లలో ఒకర్ని ఎంచుకుని వాళ్ల బండి ఇస్తారట. వాళ్లు పెట్టిన వయసు హద్దు నాకు ఈ ఏడాదితో సరి. వచ్చే ఏడాది నేను పక్కన నిలబడి చప్పట్లు కొట్టుకోవాల్సిందే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం చేత క్లచ్ తొక్కించి, వాళ్లు గోడకి గుద్దకుండా నా వైపు బ్రేకు నొక్కి బతుకుతున్నాను అన్నయ్యా. నా పక్కన ఎవరూ బ్రేకు నొక్కకుండా ఒక్క బండి నడపాలనుంది నాకు.

మీ బావ ఆదివారాలు కళ్లద్దాల షాపు మూసేసి, నా పక్క సీట్లో కూర్చుని స్టాప్‌వాచ్ పట్టుకుంటున్నారు. ఆయన అద్దాలు అరగదీస్తారు, నువ్వు ఇనుము అరగదీస్తావు. భలే దొరికారు ఇద్దరూ నాకు.

త్వరగా రాయి.
బుల్లి


వర్క్‌షాప్,
సాయంత్రం.

బుల్లీ,

పెట్టె అందింది. క్యామ్ బాగుంది, వంకర లేదు. నువ్వు చుట్టిన సైకిల్ ట్యూబు విప్పడానికి మాత్రం మీ వదిన కత్తి తేవాల్సి వచ్చింది.

ముందు ఒక సంగతి బుర్రకెక్కించుకో. క్యామ్ మీద గుడ్డు ఆకారంలో లోబ్స్ ఉంటాయి కదా, వాల్వులు ఎంత ఎత్తు లేవాలో, ఎంతసేపు తెరుచుకుని ఉండాలో వాటి ఆకారమే చెబుతుంది. నేను కొత్తగా ఇనుము అతికించను. ఉన్న ఇనుమే తీస్తాను. గుడ్డు అడుగుభాగం అరగదీస్తే ముక్కు పొడుగైనట్టు లెక్క, వాల్వు ఎక్కువ లేస్తుంది. కానీ గట్టి పొర పైపైన కాస్తే ఉంటుంది. దాన్ని దాటి లోపలికి పోతే మెత్తటి ఇనుము, పెన్సిల్ ముక్కులా అరిగిపోతుంది. ఈ రకం ఇనుముని మళ్లీ గట్టిపరచడం కుదరదు. అంచేత ఒక్కసారే సానబడతాను. ఏది కావాలో ఇప్పుడే తేల్చుకోవాలి.

నా దగ్గర మూడు నమూనాలున్నాయి. మావాళ్లు వాటికి పేర్లు పెట్టారు. ‘పెద్దమనిషి’ అంటే ఉన్నదానికంటే కాస్త మెరుగు. ఐడ్లింగ్, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, సాఫీగా ఉంటుంది, కిందినుంచే లాగుతుంది. ‘మధ్యరకం’ పేరులోనే ఉంది. మూడోది ‘పిచ్చిది’. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ దగ్గుతూ ఒళ్లంతా ఊపేస్తుంది, కింద అసలు లాగదు. ఇంజన్ వేగం అందుకున్నాక మాత్రం వెనక నుంచి ఎవరో నెట్టినట్టు పోతుంది. దానికి వాల్వ్ స్ప్రింగులు కూడా గట్టివి వేయాలి. ఐడ్లింగ్‌లో బ్రేకు పెడల్ బిగుసుకుంటుంది, తెలిసి నడపాలి.

నన్నడిగితే మధ్యరకం. కానీ ముందు చెప్పు, ఆ కారు నువ్వు తప్ప ఎవరన్నా నడుపుతారా? దారి ఎలా ఉంటుంది? మలుపుల్లో ఏ గేరులో ఉంటావు? అబద్ధం చెప్పకు, క్యామ్‌కి తెలిసిపోతుంది.

అన్నయ్య


డ్రైవింగ్ స్కూలు ఆఫీసు,
ఆఖరి క్లాసు అయ్యాక.

అన్నయ్యా,

పెద్దమనిషట! ఆ పేరు వింటేనే నాకు ఆవలింత వచ్చింది.

నీ ప్రశ్నలకి జవాబులు. కారు నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. స్కూలు బళ్లు వేరే ఉన్నాయి, ఇది పందేనికే. వెనక సీటు పీకేశాను. దారి మొదటినుంచీ ఎక్కుడే. రెండో గేరు కిందికి దిగేది ఒక్కచోటే, విరిగిన గోడ మలుపు అంటారు. అది దాటితే కొండ మీద పొడుగాటి తిన్నటి దారి. పందెం గెలిచేదీ ఓడేదీ అక్కడే. నా ఇంజన్ సరిగ్గా అక్కడే ఊపిరాడక గిలగిల్లాడుతుంది. ఐడ్లింగ్ ఎలా ఉంటే నాకేం, నేనేమన్నా పెళ్లి ఊరేగింపులో నడుపుతానా?

నాకు పిచ్చిదే కావాలి.

ఒక్కమాట. నీకు మనసొప్పకపోతే ఒప్పలేదని రాయి. నేను పోట్లాడతాను, నిన్ను నానా మాటలూ అంటాను, వదినకి చాడీలు చెబుతాను. అయినా సరే రాయి. నీ మాట నేను ఎప్పుడూ పూర్తిగా కొట్టేయలేదు కదా.

ఇక్కడంతా బాగానే ఉంది. ప్రాక్టీసు సాఫీగా సాగుతోంది. చెప్పాల్సిన విశేషాలేం లేవు.

బుల్లి


వర్క్‌షాప్.

బుల్లీ,

నువ్వడిగినట్టే చేసి పంపుతున్నాను. కొలతల కార్డు పెట్టెలో ఉంది. లోబ్స్ తాకి వాల్వుల్ని లేపే ట్యాపెట్ల మొహాలు కూడా సానబట్టాను, ఏది ఏ లోబ్ కిందిదో రాసి పెట్టాను, కలిపెయ్యకు. స్ప్రింగులు పాతవే సరిపోతాయి.

జాగ్రత్తగా నడుపు. ఆ విరిగిన గోడ దగ్గర ముఖ్యంగా. వెనక చక్రం గాల్లోకి పోయాక ఎవరూ ఏం చేయలేరు.

పని ఎక్కువగా ఉంది, ఇంతే రాస్తున్నాను.

అన్నయ్య


ఇంట్లో వరండా,
ఆదివారం.

అన్నయ్యా,

క్యామ్ బిగించాను. బిగించిన రోజు సంబరం ఇంతా అంతా కాదు. ఇంజన్ స్టార్ట్ చేసి బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. నువ్వు చెప్పినంత దగ్గు లేదు. మా అన్నయ్య చెయ్యి మంచిది, పిచ్చిదాన్ని కూడా దారిలో పెట్టాడు అని మీ బావతో గొప్పలు పోయాను. ఆయన లోపలికి వెళ్లి టీ పెట్టారు.

ఆ తర్వాత ఏమైందో నాకు తెలియడం లేదు. కింద బండి ఇదివరకటికంటే బాగా లాగుతోంది. పైన తిన్నటి దారిలోకి వచ్చేసరికి మళ్లీ అదే కథ. వెనకనుంచి ఎవరూ నెట్టడం లేదు. కార్బురేటర్ జెట్లు మార్చాను. ఇగ్నిషన్ టైమింగ్ అటూ ఇటూ జరిపాను. ఏం చేసినా వాచ్‌లో తేడా లేదు.

అన్నయ్యా, ఇది ఎవరికీ చెప్పలేదు. క్యామ్ నువ్వు చేసింది, అందులో తప్పుండదు. మరి తప్పు నాలోనే ఉండాలి. నా కాలు యాక్సిలరేటర్ మీద పూర్తిగా ఆనడం లేదేమో. నాకు తెలియకుండానే ఎత్తేస్తున్నానేమో. నిన్న ప్రాక్టీసులో నా కాలుకేసే చూసుకుంటూ నడిపాను, దారి చూడాల్సింది పోయి. స్కూల్లో భయపడేవాళ్లకి ధైర్యం చెబుతాను కదా, రేపటి నుంచి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియట్లేదు.

మీ బావ చాలా మంచిగా మాట్లాడుతున్నారు. ‘నువ్వు చేయగలిగిందంతా చేశావు, ఈ ఏడాదికి వదిలేద్దాంలే’ అన్నారు. ఆయన అంత మెత్తగా అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

నేనెక్కడ తప్పు చేస్తున్నానో చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాను.

బుల్లి


వర్క్‌షాప్.

బుల్లీ,

ఉత్తరం చదివాను. ఎండాకాలం, పైగా కొండ మీద గాలి పలచన, ఇంజన్ డీలాపడటం మామూలే. ఎయిర్ ఫిల్టర్ చూడు. నువ్వు మనసు పాడుచేసుకోకు. వయసు మీద పడేకొద్దీ ఒంట్లో చురుకు కాస్త తగ్గడం సహజం, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? బావ చెప్పిన మాట కూడా ఆలోచించు. ఆయన నీ మంచి కోరేవాడు.

మీ వదిన అడిగినట్టు చెప్పమంది.

అన్నయ్య


డ్రైవింగ్ స్కూలు షెడ్డు.

అన్నయ్య గారికి,

ఇవాళ పక్క గ్యారేజీలో డయల్ గేజ్ అడిగి తెచ్చుకున్నాను. వాల్వ్ కవర్ విప్పి, ఇంజన్ చేత్తో తిప్పుతూ ప్రతి వాల్వూ ఎంత లేస్తోందో కొలిచాను. నీ కార్డులో రాసిందొకటి, లోపల ఉన్నదొకటి. నమ్మలేక మళ్లీ కొలిచాను. గ్యారేజీ ఆయన్ని పిలిచి ఆయన చేత కూడా కొలిపించాను. ‘ఇది పెద్ద మార్పేం కాదమ్మా, ఎవరో మెత్తగా సానబట్టారు’ అన్నాడు పాపం ఆయన. ఎవరో!

నా చెవిలో పువ్వు పెట్టావు. పెద్దమనిషిని సానబట్టి, పిచ్చిదాని కార్డు రాసి పంపావు. ఆ కార్డు నీ చేత్తో రాశావు. దాన్ని నేను టూల్‌బాక్స్ మూత లోపల అతికించుకున్నాను, తెలుసా నీకు?

ఇంకొకటి. విరిగిన గోడ దగ్గర వెనక చక్రం గాల్లోకి పోయిన సంగతి నేను నీకు రాయలేదు. ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ రోజు కార్లో ఉన్నది నేనూ, మీ బావా. నీకు రాసింది ఎవరో అడగాల్సిన పనిలేదు. అడిగాను అయినా. ఆయన మొహం అటు తిప్పుకున్నారు. ఇద్దరూ కూడబలుక్కుని నన్ను చిన్నపిల్లని చేశారు.

క్యామ్ గురించి కాదు నా కడుపుమంట. వద్దనుంటే వద్దని రాయాల్సింది. రాయమని బతిమాలాను. నేను అరిచేదాన్ని, నువ్వు నీ మాట మీద ఉండేవాడివి, నేను ఇంకో షాపుకి పోయేదాన్నో, మధ్యరకానికి దిగొచ్చేదాన్నో. అది మన గొడవ. కానీ మీరు నా కాలుని నేనే అనుమానించేలా చేశారు. ఇన్ని వారాలు నేను పిరికిదాన్నయిపోయానని కుళ్లికుళ్లి ఏడ్చాను. ఆ మాట నీకు రాస్తే, అంతా తెలిసి కూడా, వయసు మీద పడిందని రాశావు. ఆ వాక్యం రాసేటప్పుడు నీ చెయ్యి ఎలా ఆడిందన్నయ్యా?

జవాబు రాస్తావో లేదో నీ ఇష్టం.


ఇంటి నుంచి,
తెల్లవారుజామున.

బుల్లీ,

నువ్వు సంతకం పెట్టకపోవడం చూసి మీ వదిన నాతో మాట్లాడటం మానేసింది. ఉత్తరమంతా ఆవిడా చదివింది. చదివాక ‘ఛీ’ అంది. ఆ ఒక్క మాట నాకు స్పష్టంగా వినపడింది.

ఆ వాక్యం రాసేటప్పుడు చెయ్యి ఆడలేదు. రెండుసార్లు చింపాను. మూడోసారి పోస్టు చేసేశాను. అది తప్పే. సిగ్గుమాలిన పని. ఇంకో పేరు పెట్టను దానికి.

బావ ఉత్తరంలో ఏముందో నీకు చెప్పాలి. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఆయన చేతిలోని వాచ్ నొక్కడం మర్చిపోయాడట. ఇంటికొచ్చాక నువ్వు ‘టైమెంత’ అని అడిగితే నోటికొచ్చిందేదో చెప్పాడట. ‘దానికి చెప్పే ధైర్యం నాకు లేదు. నేను వద్దంటే జీవితమంతా దాని కల తుంచినవాడినవుతాను. ఎలాగైనా మీరే ఏదో చేయండి’ అని రాశాడు. అది చదివిన రోజు నేను మిషన్ దగ్గర నిలబడి ఏ నమూనా బిగించాలా అని చాలాసేపు చూశాను. చిన్నప్పుడు నిన్ను సైకిల్ వెనక పట్టుకుని పరిగెత్తించింది నేను. వదిలేశానని చెప్పకుండా వదిలేస్తే నువ్వు అలాగే పోయావు. ఈసారి వదల్లేకపోయాను. వదిలానని మాత్రం చెప్పాను. నా తెలివి అలా తగలడింది.

నిన్నూ ఒక మాట అనాలి. చక్రం సంగతి నువ్వెందుకు దాచావు? దారి ఎలా ఉంటుందని అడిగాను. ప్రాక్టీసు సాఫీగా సాగుతోందన్నావు.

ఇక పని మాట. పిచ్చిది కావాలంటే లోబ్ పక్కలు వెడల్పుగా ఉండాలి. పెద్దమనిషిని చేయడానికి నేను ఆ పక్కల్లోని ఇనుమే తీసేశాను. పోయిన ఇనుము ఇంక రాదు. ఇప్పుడు ఆ వెడల్పు రావాలంటే మొత్తం గుడ్డుని ఇంకా లోతుకి దింపాలి. దింపితే గట్టి పొర దాటిపోతుంది. అలాంటి క్యామ్ ఒక పందెం నిలబడవచ్చు, మధ్యలోనే అరిగిపోవచ్చు. ఆ తర్వాత ఆ ఇంజన్‌కి క్యామ్ అంటూ ఉండదు. మొదటే నీ మాట విని ఉంటే నీకు ఏళ్ల తరబడి పనికొచ్చేది. అది నేను పాడుచేశాను.

లేదంటే ఉన్నదానితోనే పరిగెత్తు. ఇంజన్ పదికాలాలు బతుకుతుంది. టీమ్‌లోకి మాత్రం నిన్ను తీసుకోరు, అది నీకూ తెలుసు నాకూ తెలుసు.

నాకేం కావాలో అడిగితే, నువ్వు అసలు ఆ కొండ ఎక్కకూడదని ఉంది. చెప్పాను. నిర్ణయం నీది. నువ్వు ఏది రాస్తే అది చేస్తాను, కార్డు మీద ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

అన్నయ్య


డ్రైవింగ్ స్కూలు ఆఫీసు.

అన్నయ్యా,

పెట్టె మళ్లీ పంపుతున్నాను. పిచ్చిదే.

చక్రం సంగతి దాచాను, నిజమే. రాస్తే నువ్వు చేయవని దాచాను. కాబట్టి నేనూ నీ చెల్లెల్నే, అనుమానం అక్కర్లేదు. నా కోపం ఇంకా పోలేదు, పోయినట్టు అనుకోకు.

మీ బావతో నాలుగు రోజులు మాట్లాడలేదు. నిన్న ఆయనే వచ్చి షెడ్డులో కూర్చుని స్ప్రింగులు తుడవడం మొదలుపెట్టారు. గట్టి స్ప్రింగులు, కొత్తవి. నేను అడక్కుండానే తెచ్చారు. ఒకదానికి జిడ్డు వదల్లేదని చూపిస్తే మళ్లీ తుడిచారు.

బుల్లి


వర్క్‌షాప్.

బుల్లీ,

క్యామ్ వస్తోంది. కార్డు మీద ప్రతి లోబ్ కొలతా రాశాను, ఈసారి మీ వదిన పక్కన నిలబడి గేజ్ చూసి సరిచూసింది. అయిదో లోబ్ మిగతావాటికంటే మెత్తబడింది. పోతే ముందు అదే పోతుంది. టిక్కుటిక్కుమని చప్పుడొస్తే తెలుసుకో. ప్రాక్టీసు ఎక్కువ చేయకు, ఉన్నదంతా పందేనికి దాచు. లోబ్స్‌కి గ్రీజు బాగా పట్టించు.

విరిగిన గోడ దగ్గర కాస్త ముందే బ్రేకు వెయ్యి. ఇది ఇంజన్ కోసం కాదు, నా కోసం.

అన్నయ్య


ఇంట్లో వరండా,
పందెం అయిన మర్నాడు.

అన్నయ్యా,

అన్నీ చెబుతాను, కంగారుపడకు. ఒంటి మీద గీత కూడా పడలేదు. పక్కనే వదిన ఉంటే ఆవిడకీ చెప్పు.

ఎవరికైనా రెండు పరుగులు. రెండూ కలిపి లెక్క. లైన్లో నిలబడితే నా బండి దగ్గుకి ముందున్నవాడు వెనక్కి తిరిగి చూశాడు. మొదటి పరుగులో విరిగిన గోడ దగ్గర నువ్వు చెప్పినట్టే ముందుగా బ్రేకు వేశాను. ఆశ్చర్యం ఏమిటంటే, అలా వేస్తే బండి నిలకడగా మలుపు తిరిగింది, బయటికి వస్తూనే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగలిగాను. ఇన్నాళ్లూ ఆలస్యంగా బ్రేకు వేసి అక్కడే టైము పారబోస్తున్నాను. ఆ మాట మొదటి ఉత్తరంలోనే ఇద్దరిలో ఎవరన్నా నా మొహాన చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఇక పైన తిన్నటి దారిలో... అన్నయ్యా, అబ్బ, ఏం చెప్పను? నా జన్మలో అలా ఎప్పుడూ నడపలేదు. నా కాలు నేలకంటుకుపోయి ఉంది. పాత కార్లన్నిటిలోకీ నా టైమే ముందు నిలబడింది. ఆ మేనేజరు నా దగ్గరికొచ్చి పేరడిగాడు.

రెండో పరుగుకి లైన్లోకి వచ్చేసరికి టిక్కుటిక్కుమంది. నాకు తెలిసిపోయింది. మీ బావ కిటికీలోకి వంగి విన్నారు. ‘నాకు చాలా భయంగా ఉంది. వెళ్లొద్దని ఉంది. ఇంతకుముందు ఈ మాట నీకు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతున్నాను. వెళ్తావా?’ అన్నారు. వెళ్తానన్నాను. తలుపు నొక్కి సరిగ్గా పడిందో లేదో చూసి, పక్కకి తప్పుకుని వాచ్ పట్టుకున్నారు.

తిన్నటి దారి సగంలో అయిదో లోబ్ పోయింది. ఒక సిలిండరు చచ్చిపోయింది, మిగతా మూడింటి మీద కుంటుకుంటూ పైకి చేరాను. టీమ్‌లోకి వేరే ఆయన్ని తీసుకున్నారు. మేనేజరు వచ్చి ఏదో మంచిమాట చెప్పబోయాడు, నేను విననట్టు బానెట్ ఎత్తాను. కిందికి దిగేదాకా ఆగి, అక్కడ ఏడ్చాను. బాగా ఏడ్చాను. మీ బావ వీపు నిమురుతూ నిలబడ్డారు.

పెద్ద పెద్ద మాటలేమీ చెప్పలేను. మొదటిసారే నువ్వు పిచ్చిది చేసి పంపి ఉంటే ఇవాళ ఆ టీమ్ బండి నా చేతిలో ఉండేది. ఇది నీకు తెలుసు, నేను రాయకుండా వదిలేస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. కొన్నాళ్లు నీ మీద కోపంగానే ఉంటాను.

నా కోసం భయపడొద్దని నీకు చెప్పను, నువ్వు మానవు కూడా. ఇకనుంచి భయపడితే నాకు చెప్పి భయపడు.

నీ బుల్లి